మిర్చికి కోల్డ్ స్టోరేజీ ఉంది, పీతకు లేదు: మండపీతల్ని ప్రాణంతో ఇంటికి చేర్చడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకోబోయేది చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న గురించి. "అన్నా, నిజాంపట్నం వెళ్లి మండపీతలు తెచ్చుకున్నాం. అక్కడ ఎగిరెగిరి పడ్డాయి, ఇంటికొచ్చేసరికి సగం చచ్చిపోయాయి. తినొచ్చా, పారెయ్యాలా? అసలు ఎందుకు చచ్చాయి?" అని.

సమాధానం ఒక్క ముక్కలో చెప్పేస్తా. మీరు వాటిని నీళ్లలో పెట్టి తెచ్చారు, అందుకే చచ్చాయి. అవును, నీళ్లలో బతికే జీవి నీళ్లలోనే చచ్చిపోయింది. నమ్మబుద్ధి కావట్లేదు కదా? నాకూ కాలేదు. నమ్మకపోవడం వల్ల డబ్బులు పోగొట్టుకున్నా. ముందు ఆ కథ చెప్తా, తర్వాత లెక్కలోకి వెళ్దాం.

నా మొదటి ట్రిప్

మాది చిలకలూరిపేట వైపు పల్లె. మిర్చి, పత్తి తప్ప మాకు వేరే లోకం తెలీదు. సముద్రం అంటే ఏడాదికోసారి సూర్యలంక వెళ్లి స్నానం చేసి రావడం, అంతే. మా మేనబావది నిజాంపట్నం దగ్గర. వాళ్ల ఊరి చుట్టూ ఉప్పుటేర్లు, మడ అడవులు. ఇప్పుడు ఆ ప్రాంతమంతా బాపట్ల జిల్లా అయింది కానీ, 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లానే. ఒకే జిల్లాలో పుట్టినా ఆ చివర వాళ్లకి తెలిసింది ఈ చివర వాళ్లకి తెలీదు.

గుంటూరులో మా నాన్న స్నేహితుడొకాయన చిన్న హోటల్ నడుపుతాడు. నేను బాబాయ్ అని పిలుస్తా. "ఒరేయ్, బతికున్న మండపీతలు తెచ్చిపెట్టగలవా? మంచి రేటు ఇస్తా" అన్నాడు. నేను ఎగిరి గంతేసి, దగ్గరున్న డబ్బంతా పెట్టి 22 పీతలు కొన్నా. ఏప్రిల్ నెల. పొద్దున్న పది దాటింది. ఒక పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో సగం దాకా ఏటి నీళ్లు పోసి, పీతలన్నీ అందులో వేసి, మూత బిగించి, బైక్ వెనక కట్టా.

అక్కడ పీతలు ఏరుతున్న ఒక పెద్దామె నన్ను చూసి, "అబ్బాయ్, ఆ నీళ్లు పారబొయ్యి. తడి గోనెలో చుట్టుకొని పో" అంది. నేను నవ్వేసి, "నీళ్లు లేకపోతే ఎట్టా బతుకుతాయమ్మా?" అన్నా. ఆమె ఇంకేం మాట్లాడలేదు.

చెరుకుపల్లి, పొన్నూరు మీదుగా గుంటూరు చేరేసరికి మధ్యాహ్నం. మూత తీస్తే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, మసకగా ఉన్నాయి, వాసన కూడా మొదలైంది. 22లో 9 మాత్రమే కదులుతున్నాయి. నేను తెలివిగా, "బాబాయ్, ఇవి కూడా ఇప్పుడే పోయాయి, తీసేసుకో" అన్నా. ఆయన వంటమనిషి ఒక్కటి ఎత్తి చూశాడు. కాళ్లు గుడ్డపీలికల్లా వేలాడాయి. "ఇది నేను వండను. రేపు ఎవరికన్నా వాంతులైతే పేరు పోయేది మాది" అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఎందుకో చివర్లో చెప్తా.

ఇంతకీ నీళ్లలో ఎందుకు చచ్చాయి?

పీత డిప్ప ఉంటుంది కదా, దాని కింద రెండు పక్కలా రెండు గదులున్నాయి అనుకోండి. వాటిలో దువ్వెన పళ్లలా మొప్పలుంటాయి. కాళ్ల మొదళ్ల దగ్గర నుంచి నీరు లోపలికి వస్తుంది, మొప్పల మీదుగా పారుతుంది, నోటి పక్క నుంచి బయటికి పోతుంది. తెడ్డు లాంటి చిన్న భాగం ఒకటి ఆ నీటిని ఆపకుండా తోడుతూనే ఉంటుంది.

ఇక్కడ కీలకం ఏమిటంటే, మొప్పకి కావాల్సింది తడి, ఆక్సిజన్. నీటి మడుగే కావాలని లేదు. మండపీత పుట్టి పెరిగేది మడ అడవిలో. అక్కడ ఆటుకి నీరు తీస్తుంది, పోటుకి మళ్లీ వస్తుంది. నీరు తీసినప్పుడు అది తడి బురదలో, బొరియలో గంటల తరబడి గాలి పీల్చుకుంటూ కూర్చుంటుంది. మొప్పలు తడిగా ఉన్నంతసేపూ ఆ తడిలోకే గాలిలోని ఆక్సిజన్ కరుగుతుంది. పీత నోటి దగ్గర నురగ వస్తుంది చూశారా? గదిలో మిగిలిన కాస్త నీటిని గాలితో కలిపి తిప్పుతోందన్నమాట.

ఇప్పుడు లెక్క చూడండి. మన ఎండాకాలపు వేడిలో ఒక లీటరు ఉప్పునీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ మహా అయితే 6 మిల్లీగ్రాములు. అదే ఒక లీటరు గాలిలో 250 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అంటే 40 రెట్లు. నా డ్రమ్ములో 22 పీతలు ఆ కాస్త ఆక్సిజన్‌ని కాసేపట్లోనే లాగేశాయి. మూత బిగించా కాబట్టి కొత్త గాలి కలవలేదు. పైగా నీళ్లు వేడెక్కే కొద్దీ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, పీతకి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. ఉజ్జాయింపుగా 10 డిగ్రీల వేడి పెరిగితే దాని అవసరం రెట్టింపు అవుతుంది. ఇది చాలదన్నట్టు, అవి విసర్జించే అమ్మోనియా కూడా అదే నీటిలో కలిసి మళ్లీ వాటి మొప్పల్లోకే వెళ్తుంది. తలుపులన్నీ మూసిన గదిలో 22 మందిని కూర్చోబెట్టి కింద పొయ్యి వెలిగించినట్టు. నేను చేసింది అదే.

మరి రొయ్య పిల్లల్ని నీళ్లలోనే తెస్తారుగా?

నేను పొరపాటు పడింది ఇక్కడే. మన హైవే మీద రాత్రిపూట సీడ్ వ్యాన్లు పోతుంటాయి. హేచరీల నుంచి చెరువులకు రొయ్య పిల్లలు తీసుకెళ్లే బళ్లు. వాటిలో నీళ్లున్న ప్లాస్టిక్ సంచులు చూసి, "ఓహో, ఇట్టా తేవాలన్నమాట" అనుకున్నా. సంచిని సరిగ్గా గమనించలేదు. అందులో నీళ్లు కొంచెమే. మిగతాదంతా సిలిండర్ నుంచి నింపిన ఆక్సిజన్. నీటిని ముందే చల్లబరుస్తారు, సంచుల్ని ఇన్సులేషన్ ఉన్న పెట్టెల్లో పెడతారు, వీలైనంతవరకు రాత్రిపూటే బయల్దేరతారు. ఆ పిల్లలు గాలిలో బతకలేవు కాబట్టి అంత ఏర్పాటు. పీత అట్టా కాదు, దానికి తడి గాలి చాలు. ఏ జీవికి ఆ జీవి లెక్క.

కాబట్టి పీతకి శత్రువులు మూడు, గుర్తు పెట్టుకోండి. ఒకటి ఎండ వేడి. రెండు వడగాలి, అంటే మొప్పల్ని ఆరబెట్టే గాలి. మూడు నిలవ నీరు. ఇప్పుడు చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఈ మూడింటిని దూరం పెట్టడానికే.

ప్యాకింగ్, వరసగా చెప్తా

మొదటిది, ఎంపిక. బయల్దేరే ముందే బలహీనంగా ఉన్నదాన్ని ఎంత బాగా ప్యాక్ చేసినా బతకదు. కంటి దగ్గర పుల్లతో తాకితే కన్ను చటుక్కున లోపలికి ముడుచుకోవాలి. కాలు లాగితే తిరిగి లాక్కోవాలి. కింద పొట్ట వైపు, కాళ్ల మొదళ్ల దగ్గర బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే కండ నిండిన పీత. మెత్తగా లోపలికి పోతే ఈమధ్యే కొత్త డిప్ప వేసుకున్నదని అర్థం, లోపల కండ కన్నా నీరే ఎక్కువ. అది ప్రయాణానికీ తట్టుకోదు, కూరకీ పనికిరాదు. దాన్ని తిరిగి ఇచ్చెయ్యండి. చెరువులో మేపిన పీతలైతే ముందు రోజే మేత ఆపించండి, దారిలో మురికి తగ్గుతుంది.

రెండోది, కట్టడం. డెక్కలు రెండూ ముడిచి పురికొసతోనో నైలాన్ తాడుతోనో ఒంటికి కట్టాలి. మన వేళ్లు తెగకుండా ఉండటానికి మాత్రమే కాదు. వదిలేస్తే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. గాయమైన చోట నుంచి రక్తం కారుతుంది. పీత రక్తం ఎర్రగా ఉండదు, లేత నీలంగా ఉంటుంది, అందులో ఇనుము బదులు రాగి ఉంటుంది. అందుకే చాలామంది దాన్ని నీళ్లే అనుకుని పట్టించుకోరు. ఒక మాట: కట్టడం తెలిసినవాళ్లతోనే కట్టించండి. వీడియో చూసి నేర్చుకునే పని కాదిది. పెద్ద మండపీత డెక్క వేలిని నలిపేస్తుంది.

మూడోది, కడగడం. బురద పోయేలా అవి పెరిగిన ఏటి నీటితోనే కడగండి. కుళాయి నీళ్లు వద్దు, అందులో క్లోరిన్ మొప్పలకి మంచిది కాదు. ఒక రెండు లీటర్ల బాటిల్లో అదే ఏటి నీళ్లు పట్టుకోండి, దారిలో చల్లడానికి. అది దొరక్కపోతే, క్లోరిన్ లేని బోరు నీళ్లలో లీటరుకు 15 నుంచి 20 గ్రాముల కల్లుప్పు కలిపి వాడుకోవచ్చు. చిలకరించడానికి అది సరిపోతుంది.

నాలుగోది, పెట్టె. వెదురు గంప గానీ, పక్కల్లో బెజ్జాలు పెట్టిన థర్మాకోల్ పెట్టె గానీ తీసుకోండి. అడుగున కూడా ఒకటి రెండు బెజ్జాలుండాలి. నీరు నిలవకూడదు, అది మర్చిపోవద్దు. అడుగున తడిపి బాగా పిండిన గోనె పరవండి. పీతల్ని పొట్ట కిందికి, డిప్ప పైకి ఉండేలా పక్కపక్కన సర్దండి. వెల్లకిలా పెడితే మొప్పల గదిలో దాచుకున్న కాస్త నీరు కారిపోతుంది. ఒకదాని మీద ఒకటి కుక్కొద్దు. రెండో వరస తప్పదనుకుంటే మధ్యలో ఇంకో తడి గోనె వెయ్యండి. పైన కూడా తడి గోనె కప్పండి. గోనె తడిగా ఉండాలి కానీ నీళ్లు కారుతూ ఉండకూడదు.

ఐదోది, బెజ్జాలు. పూర్తిగా మూసేస్తే ఊపిరాడదు, పూర్తిగా తెరిచేస్తే గాలికి ఆరిపోతాయి. బైక్ మీద వెళ్లేటప్పుడు గాలి నేరుగా కొట్టే వైపు బెజ్జాలకు గోనె అడ్డం పెట్టండి. మనకే ఏప్రిల్లో బైక్ మీద పెదాలు ఎండిపోతాయి, మొప్పల సంగతి చెప్పాలా?

ఐస్ వెయ్యొచ్చా?

ఇక్కడ మన గుంటూరు వాళ్లు చేసే తప్పు ఒకటుంది. మిర్చి యార్డు చుట్టూ కోల్డ్ స్టోరేజీలు చూసి పెరిగాం కదా, ఏదైనా చల్లగా పెడితే నిలవుంటుందని మన నమ్మకం. మిర్చి టిక్కీని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు వచ్చేదాకా నెలల తరబడి ఆగొచ్చు. అదే చలిలో మండపీత బతకదు. అది వేడి దేశాల జీవి. ప్రయాణంలో దానికి 20 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. అంటే నీడపట్టున తడి గోనె కింద ఉండే చల్లదనం. ఫ్రిజ్‌లో పెడితే ముందు మొద్దుబారిపోతుంది, తర్వాత చచ్చిపోతుంది.

ఐస్ నేరుగా పీతల మీద వేస్తే రెండు నష్టాలు. ఒకటి చలి దెబ్బ. రెండు, కరిగిన ఐస్ నీరు ఉప్పులేని మంచినీరు, అది అడుగున చేరి నిలవ నీరవుతుంది. మరీ ఎండగా ఉంటే ఒక బాటిల్లో నీళ్లు గడ్డకట్టించి, మూత గట్టిగా బిగించి, గుడ్డలో చుట్టి, పెట్టె మూలన పీతలకు తగలకుండా పెట్టండి. అంతకు మించి అక్కర్లేదు.

వేళ చాలా ముఖ్యం. తెల్లవారుజామున బయల్దేరండి, లేదా పొద్దుగూకాక. మీరు పల్నాడు వైపు, ఎండలకు పేరుపడ్డ రెంటచింతల వైపు వెళ్లాలంటే మధ్యాహ్నం ప్రయాణం అస్సలు పెట్టుకోవద్దు. టీ కోసం ఆగితే పెట్టెను నీడలో దించండి. కారు డిక్కీలో పెట్టి తాళం వేసి భోజనానికి వెళ్లారంటే ఇక ఆ పీతల మీద ఆశ వదులుకోండి. గంటకోసారి గోనె మీద ఆ బాటిల్ నీళ్లు చిలకరించండి. ఇట్టా తెస్తే ఆరోగ్యంగా ఉన్న మండపీత ఒకటి రెండు రోజులు తేలిగ్గా తట్టుకుంటుంది.

ఇంటికొచ్చాక

పెట్టె తెరవగానే అన్నింటినీ ఒక్కొక్కటిగా చూడండి. మళ్లీ అదే పరీక్ష: కన్ను, కాలు. కదిలేవి ఒక పక్కన, నీరసంగా ఉన్నవి ఒక పక్కన, చచ్చినవి వేరే. చచ్చినదాన్ని మిగతావాటితో కలిపి ఉంచొద్దు. నీరసంగా ఉన్నవాటికి ఉప్పు కలిపిన నీళ్లు చల్లి, నీడలో తడి గోనె కింద ఉంచి, ముందు వాటినే వండుకోండి. మిగతావాటిని కూడా ఇంట్లో రోజుల తరబడి పెంచుకోవాలని చూడొద్దు. బకెట్లో నీళ్లు పోసి ఉంచితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

చచ్చిన పీతను తినొచ్చా? ఎప్పుడు చచ్చిందో తెలియని పీతను తినకండి. కారణం చెప్తా. చేపకైతే పొట్ట చీరి పేగులు తీసేసి ఐస్‌లో పెడతాం. పీతకి జీర్ణాశయం, దాని రసాలు అన్నీ డిప్ప కిందే ఉంటాయి. చచ్చిన వెంటనే ఆ రసాలు కండని కరిగించడం మొదలుపెడతాయి. సముద్రతీరపు వెచ్చని నీళ్లలో విబ్రియో అనే రకం బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. మన ఎండలో చచ్చిన పీతలో ఇలాంటి బ్యాక్టీరియా గంటల్లోనే విపరీతంగా పెరిగిపోతుంది. "బాగా ఉడకబెడితే పోతుందిలే" అంటారు. ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ కుళ్లినప్పుడు తయారయ్యే విషాలన్నీ ఉడకబెట్టినంత మాత్రాన పోవు. మసాలా దట్టించి వాసన కప్పెయ్యొచ్చు, మన గుంటూరు కారానికి ఆ శక్తి ఉంది. కడుపుని మాత్రం మోసం చెయ్యలేం.

ఇంకో చిన్న విషయం. పచ్చి పీత కోసిన కత్తి, పలక కడగకుండా వాటి మీదే ఉల్లిపాయలు, దోసకాయలు కొయ్యొద్దు. పీత ఉడుకుతుంది కానీ సలాడ్ ఉడకదు కదా.

రొయ్యల చెరువులున్నవాళ్లు ఇది వినండి

పీతలు కడిగిన నీళ్లు, పెట్టె అడుగున కారిన నీళ్లు, చచ్చిన పీతలు మీ చెరువులోకి గానీ, చెరువుకి నీళ్లొచ్చే కాలవలోకి గానీ వెయ్యకండి. 1990లలో మన కోస్తా రొయ్యల రైతుల్ని ముంచేసిన వైట్ స్పాట్ వైరస్ పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్‌ని పీతలు మోస్తాయి. పీతకి పైకి ఏ జబ్బూ కనపడకపోవచ్చు, దాని నుంచి రొయ్యకి మాత్రం అంటుకుంటుంది. అందుకే చెరువు గట్ల చుట్టూ పీతలు రాకుండా వలలు కడతారు. గట్టు మీద వల కట్టి, మన చేత్తోనే పీతల నీళ్లు కాలవలో పోస్తే ఆ వల ఎందుకు? మనుషులకి ఈ వైరస్ వల్ల ఏ ప్రమాదమూ లేదు. దాంతో పోయేది మాత్రం పక్క రైతు పంట. చచ్చినవాటిని నీటికి దూరంగా గుంట తీసి పూడ్చండి.

పెద్ద వ్యాపారంలోనూ ఇదే లెక్క

మన తీరంలో దొరికే మండపీతల్లో మంచి సైజువి చెన్నై చేరి, అక్కడి నుంచి విమానంలో విదేశాలకు పోతాయి. సింగపూర్, మలేషియా, చైనా లాంటి చోట్ల బతికున్న పీతకే గిరాకీ. చచ్చినదానికి ఆ రేటులో ఆవగింజంత కూడా రాదు. 2020 మొదట్లో కరోనాతో చైనా మార్కెట్ మూతపడినప్పుడు మన కోస్తాలో పీతలు పట్టేవాళ్లు, పెంచేవాళ్లు దెబ్బతిన్నారు. మిర్చి రైతుకైతే "ఆగుదాం, కోల్డ్ స్టోరేజీలో పెడదాం" అనే దారి ఒకటుంది. బతికున్న పీతకి ఆ దారి లేదు. దాని విలువంతా దాని ఊపిరిలోనే ఉంది. అందుకే ఈ వ్యాపారంలో ప్యాకింగ్ తెలిసిన మనిషికి అంత విలువ.

నా రెండో ట్రిప్

నెల తర్వాత మళ్లీ వెళ్లా. ఈసారి ముందు ఆ పెద్దామె దగ్గరికే వెళ్లా. "పెద్దమ్మా, మీరే చెప్పండి" అన్నా. ఆమె నవ్వి, గోనె ఎంత తడపాలో, ఎంత పిండాలో చేత్తో చూపించింది. పీత నోటి దగ్గర నురగ ఎండిపోతుంటే నీళ్లు చల్లాలని చెప్పింది. ఈ ఆక్సిజన్ లెక్కలు ఆమెకి ఎవరూ చెప్పలేదు, మడ అడవిలో పీతని చూసే నేర్చుకుంది.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరా. 20 పీతలు, ఒక థర్మాకోల్ పెట్టె, రెండు గోనెలు, ఒక బాటిల్ ఏటి నీళ్లు. ఎండ ముదరకముందే గుంటూరులో ఉన్నా. వంటమనిషి గోనె తీసి కన్ను తాకి చూశాడు. 20కి 20 కదిలాయి. "ఎట్టా తెచ్చావ్?" అన్నాడు. "నీళ్లు పోయకుండా" అన్నా.

అంతే ఫ్రెండ్స్. ఈసారి నిజాంపట్నం వెళ్లినా, చీరాల దగ్గర వాడరేవు వెళ్లినా, ఒంగోలు వైపు కొత్తపట్నం వెళ్లినా, బకెట్ ఇంట్లో వదిలేసి రెండు గోనె సంచులు తీసుకెళ్లండి. అక్కడ పీతలమ్మే పెద్దవాళ్లు ఏదైనా చెప్తే, నాలాగా నవ్వకుండా వినండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.